ప్రశ్న ఊరిది, పని విద్యార్థిది

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదివే ప్రతి విద్యార్థీ ఇప్పుడు ఒక వేసవిలో కనీసం 180 గంటలు ఏదో ఒక ఊళ్లోనో పేటలోనో పనిచేయాలి. రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020-21లో పాఠ్యప్రణాళిక మార్చినప్పుడు పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. అందులో మొదటి మెట్టు ఈ కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. కాలేజీల్లో అందరూ సీఎస్‌పీ అనే అంటారు. మొదటి ఏడాది పరీక్షలయ్యాక వచ్చే సెలవుల్లో ఇల్లిల్లూ తిరిగి సర్వే చేయాలి, అవగాహన కార్యక్రమాలు పెట్టాలి, ఏదైనా ప్రభుత్వ శాఖతో కలిసి కొన్ని వారాలు పనిచేయాలి, ఆఖరి వారంలో నివేదిక రాయాలి. రోజూ లాగ్‌బుక్ రాసి మెంటార్ చేత సంతకం పెట్టించుకోవాలి, ఆ తర్వాత వైవాకు హాజరవ్వాలి. ఇది ఎన్ఎస్ఎస్ కార్యక్రమాల్లా ఉండకూడదని మార్గదర్శకాలు ప్రత్యేకంగా చెప్పాయి. ఆ మాట చెప్పడం అవసరమే. 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో మొదలైన ఎన్ఎస్ఎస్ మన కాలేజీలకు సేవాభావాన్ని అలవాటు చేసింది. చెట్లు నాటడం, రక్తదానం, శుభ్రత శిబిరాలు దాని వల్లే మన క్యాంపస్‌లలో మామూలు విషయాలయ్యాయి. అయితే సేవ చేయడం ఒకటి, చదివిన చదువుతో ఒక ఊరి చిక్కును విప్పడం ఇంకొకటి. రెండోది పాఠం. పాఠమైతే దాన్ని మిగతా పాఠాలంత శ్రద్ధగా తయారుచేయాలి.

ఇలాంటి మాడ్యూల్ తయారుచేసేటప్పుడు కాలేజీలు ఎక్కువ సమయం పెట్టేది గంటల లెక్క, ఫార్మాట్, మార్కుల విభజన, నివేదిక ఎన్ని పేజీలుండాలన్న విషయాల మీద. నా దృష్టిలో అవన్నీ రెండో వరసలో రావాలి. ముందు తేలాల్సినవి రెండు. ఈ ప్రాజెక్టులోని ప్రశ్న ఎవరు అడిగారు? సెలవులయ్యాక ఆ పని ఎవరి చేతిలో ఉంటుంది? వీటికి జవాబు ఉంటే మొదటి సంవత్సరం విద్యార్థి చేసిన చిన్న లెక్క కూడా పనికొస్తుంది. లేకపోతే నూరు పేజీల రంగుల నివేదిక కూడా బీరువాలోకే పోతుంది.

ఇది పరీక్షించి చూడటానికి ఎన్టీఆర్ జిల్లా మైలవరం మంచి చోటు. 1998లో మొదలైన లకిరెడ్డి బాలిరెడ్డి ఇంజనీరింగ్ కాలేజీ ఇక్కడే ఉంది, ప్రభుత్వ డిగ్రీ కాలేజీ కూడా ఉంది. నూజివీడు దాకా పోతే 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీ ఉంది, ఉద్యాన విశ్వవిద్యాలయం వారి మామిడి పరిశోధన కేంద్రమూ ఉంది. ఊళ్ల వైపు చూస్తే వెల్వడం, పుల్లూరు, చండ్రగూడెం, ఇటు రెడ్డిగూడెం, అటు ఆగిరిపల్లి, విస్సన్నపేట. మెట్ట పొలాలు, వాటి మధ్య మామిడి తోటలు. బంగినపల్లి, చిన్న రసం, పెద్ద రసం, ఇక్కడివాళ్లు కలెక్టర్ అని పిలిచే తోతాపురి. కాయ కోతకొస్తే ట్రాక్టర్లన్నీ నున్న మార్కెట్ దారి పడతాయి. చదువుకునే పిల్లలు, ప్రయోగశాలలు, చిక్కులతో సతమతమయ్యే తోటలు ఇంత దగ్గర దగ్గరగా ఉన్న చోట్లు రాష్ట్రంలో ఎక్కువ ఉండవు. ఇక్కడ ఈ మాడ్యూల్ సరిగా నడవకపోతే దోషం ఊరిది కాదు, మాడ్యూల్‌ది.

మామూలుగా జరిగేది చూద్దాం. విద్యార్థుల బృందం ఒక ముద్రించిన ప్రశ్నావళితో ఊళ్లోకి వెళ్తుంది. కుటుంబంలో ఎంతమంది, ఎంత భూమి, ఏం పంట, ఎంత ఆదాయం, ఏ సమస్యలు. మామిడి ఊళ్లో ఈ ప్రశ్నావళి మొదటి గడపలోనే తప్పటడుగు వేస్తుంది. ఎందుకంటే ఇక్కడ చాలా తోటలు పూత దశలోనే, కొన్నిసార్లు అంతకన్నా ముందే, వ్యాపారికి గుత్తకు వెళ్లిపోతాయి. భూమి ఒకరిది, ఆ ఏటి కాపు ఇంకొకరిది. మందు ఏది కొట్టాలో, ఎన్నిసార్లు కొట్టాలో, కాయ ఎప్పుడు కోయాలో తేల్చేది గుత్తదారు. ఇంటి అరుగు మీద కూర్చున్న తోట యజమానిని ‘మీరు పురుగుమందులు ఎంత వాడుతున్నారు’ అని అడిగితే ఆయనకు సరైన జవాబు తెలియకపోవచ్చు. తెలిసిన గుత్తదారు ఆ ఊరివాడు కాకపోవచ్చు, కాబట్టి సర్వేలో ఆయన ఇల్లే ఉండదు. గుత్త ఒక్క ఏడాదిదే అయితే చెట్టు వచ్చే ఏడు ఎలా ఉంటుందన్న దిగులు అతనికి ఎంత ఉంటుంది? తోటల్లో మందుల వాడకం గురించి అడగాల్సిన అసలు ప్రశ్న ఇది. ఇది ఏ ముద్రిత ప్రశ్నావళిలోనూ ఉండదు. ఊరితో నాలుగు రోజులు మాట్లాడి, వినే ఓపిక ఉన్నవాడికే తట్టే ప్రశ్న.

అందుకే మాడ్యూల్‌లో మొదటి పని ప్రశ్నను వెతకడం కావాలి, దానికి మార్కులు కూడా ఉండాలి. ఊరికి వెళ్లకముందు విద్యార్థి తన ప్రశ్న ఒక కాగితం మీద రాయాలి. రెండు వారాలు ఊళ్లో తిరిగాక అదే ప్రశ్నను మళ్లీ రాయాలి. ఆ రెండు కాగితాలూ లాగ్‌బుక్‌లో పక్కపక్కనే ఉండాలి. మొదటిది ‘మామిడి రైతుల సామాజిక ఆర్థిక పరిస్థితి’ అయి, రెండోది ‘పుల్లూరులో గుత్తకిచ్చిన తోటలకూ సొంతంగా చూసుకునే తోటలకూ మందు పిచికారీల సంఖ్యలో తేడా ఎంత’ అయితే, ఆ విద్యార్థి నేర్చుకున్నదేమిటో మెంటార్‌కు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. రెండు కాగితాల మీదా ఒకే వాక్యం ఉంటే అది కూడా ఒక సమాచారమే.

ఇక్కడ స్వతంత్రత అనే మాట వస్తుంది. ప్రాజెక్టు విద్యార్థి స్వతంత్రంగా చేయాలని అన్ని విశ్వవిద్యాలయాలూ రాస్తాయి. దాన్ని చాలామంది నచ్చిన శీర్షిక ఎంచుకునే హక్కుగా అర్థం చేసుకుంటారు. శీర్షిక ఎంచుకోవడం పదిహేను నిమిషాల పని. స్వతంత్రంగా చేయడమంటే ఏది కొలవాలో, ఎలా కొలవాలో, కొలత కుదరనప్పుడు ఏం చేయాలో విద్యార్థే తేల్చుకుని, ఎందుకలా తేల్చుకున్నాడో చెప్పగలగడం. ప్రశ్న ఊరు ఇస్తే స్వతంత్రత తగ్గిపోతుందని కొందరు ఉపాధ్యాయులు అనుకుంటారు. నిజానికి అది పెరుగుతుంది. సమాధానం పుస్తకంలో దొరకదు, గురువుకీ ముందే తెలియదు, కాబట్టి నిర్ణయాలు తీసుకోక తప్పని స్థితిలో విద్యార్థి పడతాడు.

పండు ఈగ సంగతి తీసుకుందాం. కాయ పక్వానికి వస్తున్నప్పుడు ఆడ ఈగ తొక్క కింద గుడ్లు పెడుతుంది. పురుగులు కండ తిని, కాయ రాలాక నేలలోకి దిగి కోశస్థ దశకు పోతాయి. పైకి బాగానే కనిపించే కాయ కోస్తే లోపల పురుగు. నున్న మార్కెట్‌లో ధర పడిపోవడానికి, ఎగుమతికి పనికిరాకుండా పోవడానికి ఇదొక పెద్ద కారణం. దీనికి ఉద్యాన శాస్త్రవేత్తలు చెప్పే చవకైన ఉపాయం మిథైల్ యూజినాల్ ఎర. ఆ వాసనకు మగ ఈగలు వచ్చి బుట్టలో పడతాయి. ఎరబుట్టలు తోటల్లో కట్టించే కార్యక్రమాలు కొత్తవి కావు. కానీ ఎర బుట్టకు ఈగలను పట్టడంతో పాటు ఇంకో పని ఉంది. వారానికోసారి బుట్టలో పడ్డ ఈగలను లెక్కపెడితే ఆ ఊళ్లో వాటి ఉధృతి ఎప్పుడు మొదలైందో, ఏ తోటలో ఎక్కువో తెలుస్తుంది. ఆ లెక్క ఊరివాళ్ల దగ్గర ఉంటే ఎప్పుడు జాగ్రత్తపడాలో తెలుస్తుంది, పనికిరాని సమయంలో కొట్టే మందు ఆగుతుంది. పది తోటల్లో బుట్టలు కట్టి, ఎనిమిది వారాలు క్రమం తప్పకుండా లెక్కపెట్టడం డిగ్రీ మొదటి ఏడాది పిల్లలు చక్కగా చేయగల పని. జంతుశాస్త్రం చదివే అమ్మాయికి అది ఈగ జీవితచక్రం, గణాంకశాస్త్రం చదివే అబ్బాయికి నమూనాల ఎంపిక, కామర్స్ విద్యార్థికి ఒక కాయ పోతే పోయే రూపాయల లెక్క. చిక్కు ప్రశ్నలు వాటంతటవే ముందుకొస్తాయి. బుట్ట తోట అంచున కట్టాలా, నడుమ కట్టాలా? పక్క తోటవాడు రాలిన కాయలు ఏరకుండా వదిలేస్తే ఈ తోటలో లెక్క మారుతుందా? వారం మధ్యలో ఎవరో బుట్ట ఖాళీ చేస్తే ఆ వారం లెక్కను ఏం చేయాలి? విద్య అంతా ఈ చివరి ప్రశ్నలోనే ఉంది. ఆ వారం అంకెను ఊహించి రాసేసే విద్యార్థికీ, ‘ఈ వారం లెక్క పోయింది’ అని నిజాయితీగా రాసే విద్యార్థికీ మధ్య తేడాను గుర్తించి మార్కులు వేయలేని మాడ్యూల్ ఎన్ని గంటలు పెట్టినా ప్రయోజనం లేదు.

కాపీ సమస్యకు కూడా మందు ఇక్కడే ఉంది. అమీర్‌పేటలో బీటెక్ ప్రాజెక్టులు తయారుగా అమ్మే సంస్థల సంగతి తెలుగువాళ్లందరికీ తెలుసు. ఇప్పుడు కృత్రిమ మేధ సాధనాలు వచ్చాక డబ్బు కూడా అక్కర్లేదు, ఒక్క రాత్రిలో నివేదిక తయారవుతుంది. దీనికి విరుగుడుగా కాలేజీలు కాపీని పట్టే సాఫ్ట్‌వేర్లు కొంటున్నాయి. అవి వాక్యాలను పట్టగలవేమో కానీ జరగని పనిని పట్టలేవు. అసలు ఆ ప్రాజెక్టులు ఎందుకు అమ్ముడవుతాయి? వాటిలోని ప్రశ్నకు చిరునామా లేదు కాబట్టి. ‘గ్రామీణ ప్రాంతాల్లో తాగునీటి నాణ్యత’ మీద నివేదిక ఎక్కడైనా కొనుక్కోవచ్చు. ‘చండ్రగూడెంలో ఈ ఆరు బోర్లలో మే నెలలో ఏ వారం నీటిమట్టం ఎంత’ అన్నది కొనడానికి దొరకదు. ఏ యంత్రమూ ఊహించి చెప్పలేదు. ఆ ఊరి సచివాలయంలోని ఇంజనీరింగ్ అసిస్టెంట్‌కు దాని నిజానిజాలు ఒక్క చూపులో తెలిసిపోతాయి.

బయటి ప్రపంచంలో ఈ దారిలో ముందే నడిచినవాళ్లున్నారు. 1970ల్లో నెదర్లాండ్స్ విశ్వవిద్యాలయాల్లో ‘సైన్స్ షాపులు’ వచ్చాయి. ఒక కాలనీ సంఘమో, కార్మిక సంఘమో తమ ప్రశ్నతో వచ్చేవి. ‘మా వీధి పక్క ఫ్యాక్టరీ నుంచి వచ్చే నీళ్లలో ఏముంది?’ లాంటివి. విద్యార్థులు, ఆచార్యులు కలిసి దాన్ని తమ చదువులో భాగంగా చేపట్టేవారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రశ్న తీసుకోవడానికి మూడు షరతులుండేవి. అడిగేవాళ్లకు డబ్బిచ్చి పరిశోధన చేయించుకునే స్తోమత ఉండకూడదు, వ్యాపార ప్రయోజనం ఉండకూడదు, వచ్చిన ఫలితాన్ని వాడుకోగల స్థితిలో వాళ్లుండాలి. మూడో షరతు మనవాళ్లు బాగా గమనించాలి. ఫలితం అందుకునే చేయి ఉందా లేదా అని ముందే చూసుకోవాలన్నమాట. మన దగ్గర ప్రాజెక్టు ఆమోదించే ఏ ఫారంలోనూ ‘ఈ ఫలితాన్ని వాడేది ఎవరు’ అనే గడి నాకు కనిపించలేదు.

అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయం 1995లో ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం ఎపిక్స్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. స్థానిక సేవాసంస్థలకు అవసరమైన పనిముట్లు, వ్యవస్థలు విద్యార్థులు తయారుచేస్తారు. అందులోని కిటుకు జట్ల నిర్మాణంలో ఉంది. ఒకే జట్టులో మొదటి ఏడాది పిల్లలూ ఆఖరి ఏడాది వాళ్లూ ఉంటారు, ఒకే ప్రాజెక్టు సెమిస్టర్ల తరబడి నడుస్తుంది. వెళ్లిపోయేవాళ్లు వెళ్లిపోతుంటే ఉన్నవాళ్లు కొత్తవాళ్లకు పని అప్పజెబుతారు. సెమిస్టర్‌తో పాటు ప్రాజెక్టు ముగిసిపోవాలన్న నియమం లేకపోవడమే దాని బలం.

విచిత్రమేమిటంటే ఈ కొనసాగింపు అనే ఆలోచన మన సీఎస్‌పీ మార్గదర్శకాల్లో ముందే ఉంది. చివరి వారంలో రాసే నివేదిక ప్రతిని స్థానిక పాలనా యంత్రాంగానికి ఇవ్వాలనీ, తర్వాతి ఏడు అదే ఊరికి వచ్చే బ్యాచ్‌కు అది పునాది కావాలనీ అందులో ఉంది. మొత్తం పత్రంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచిన మాట అది. అది అమలు కావాలంటే దానికి మార్కులుండాలి. తర్వాతి ఏడు వచ్చే బ్యాచ్ ఊళ్లో అడుగుపెట్టి చేసే మొదటి పని నిరుటి నివేదికను పరీక్షించడం కావాలి. అందులోని అంకెల్లో కొన్నిటిని మళ్లీ కొలిచి సరిచూడాలి. తప్పుంటే రాయాలి. మిగిలిపోయిన ప్రశ్నను అందుకోవాలి. తన నివేదికను వచ్చే ఏడు జూనియర్లు ఊళ్లో నిలబడి తనిఖీ చేస్తారని తెలిసిన విద్యార్థి ఊహించి అంకెలు రాయడానికి జంకుతాడు. ఏ సాఫ్ట్‌వేర్ కన్నా ఇది గట్టి కాపలా. కాలేజీ దగ్గర ఒక ప్రతి, గ్రామ సచివాలయం దగ్గర ఒక ప్రతి ఉండే ప్రశ్నల రిజిస్టర్ చాలు దీనికి. ఏ ప్రశ్న ఎప్పుడు ఎవరు అడిగారు, ఏ బ్యాచ్ ఎంతవరకు తెచ్చింది, ఇంకా ఏం మిగిలింది. 2019 అక్టోబరు నుంచి రాష్ట్రంలో సచివాలయాలున్నాయి. చాలాచోట్ల ఉద్యాన లేదా వ్యవసాయ సహాయకులు, ఇంజనీరింగ్ అసిస్టెంట్లు, సర్వేయర్లు ఉన్నారు. ఫలితం అందుకునే చేయి అంటే ముందుగా వాళ్లే.

బుడమేరు విషయంలో ఇలాంటి రిజిస్టర్ ఉంటే ఎంత మేలో ఆలోచించండి. ఆ వాగు మైలవరం పరిసరాల కొండల్లో పుట్టి, వెలగలేరు మీదుగా పోయి కొల్లేరులో కలుస్తుంది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానకు దాని కట్టలకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో మునిగింది. వార్తలన్నీ విజయవాడ గురించే. ఎగువన, వాగు పుట్టే చోట, ఏ ఊళ్లో నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయి, ఏ కల్వర్టు దగ్గర చెత్తా ముళ్లకంపా అడ్డుపడి నీళ్లు పక్క వీధిలోకి మళ్లాయి, ఏ తూము చాల్లేదు అన్నది ఆ ఊళ్లవాళ్ల జ్ఞాపకంలో ఉంది, గోడల మీది చారల్లో ఉంది. గోడకు ఒకసారి సున్నం వేస్తే ఆ చార పోతుంది. సివిల్ ఇంజనీరింగ్ రెండో ఏడాది విద్యార్థులు సర్వేయింగ్ ల్యాబ్‌లో నేర్చుకునే ఆటో లెవెల్‌తోనే ఆ చారల ఎత్తులు కొలిచి పటం మీద గుర్తించవచ్చు. ఒక బ్యాచ్ మూడు ఊళ్లు చేస్తే తర్వాతి బ్యాచ్ ఇంకో మూడు. ఆ పటం ముందు ఊరికి పనికొస్తుంది, తర్వాత నీటిపారుదల శాఖకు. ల్యాబ్‌లో కాలేజీ ఆవరణలోని మిట్టపల్లాలు కొలిచే బదులు అదే పరికరంతో, అదే పాఠంతో, అవసరమున్న చోట కొలుస్తారు. పాఠ్యాంశం ఒక్క ముక్క కూడా తగ్గదు.

విద్యార్థులు తలకెత్తుకోకూడని ప్రశ్నలు కూడా ఉన్నాయి. ఈ మాట కచ్చితంగా చెప్పాలి. మైలవరానికి పక్కనే ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బుతో మనుషులు చనిపోతున్నారు. ఉత్సాహవంతులైన పిల్లలు అక్కడికి వెళ్లి కారణం కనిపెడతామనుకోవడం సహజం. శ్రీకాకుళం ఉద్దానంలో ఇదే జబ్బు మీద ఏళ్ల తరబడి వైద్యులు, శాస్త్రవేత్తలు పనిచేసినా కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. రక్తం, మూత్రం, నీళ్ల నమూనాలు తీసుకెళ్లిన బృందాలు ఎన్నో. నమూనా ఇచ్చినవాడికి దాని ఫలితం తెలియకపోతే అది అతని మీద మోపిన ఇంకో బరువే. ఎనిమిది వారాల విద్యార్థి అక్కడ ‘ఈ నీళ్ల వల్లే’ అని నివేదిక రాస్తే భయం పెరుగుతుంది, మేలు జరగదు. అదే విద్యార్థి ప్రభుత్వం ఇస్తున్న మంచినీళ్లు ఏ తండాకు ఏ రోజుల్లో అందాయి, ఏ రోజుల్లో అందలేదు, డయాలసిస్‌కు వెళ్లి రావడానికి ఒక రోగికి ఎంత సమయం, ఎంత ఖర్చు పడుతోంది అని నమోదు చేస్తే అది చిన్న పనే, కానీ నిజమైన పని. దాని ఫలితాన్ని తండాలోనే చదివి వినిపించవచ్చు. ఏ ప్రశ్న తమ శక్తికి తగినదో తేల్చుకోవడం కూడా పాఠంలో భాగమే. మెంటార్ గట్టిగా జోక్యం చేసుకోవాల్సింది ఇక్కడే.

అభ్యంతరాలు లేకపోలేదు, వాటిలో బరువైనవీ ఉన్నాయి. తప్పనిసరి చేస్తే సేవ ఎలా అవుతుందని అడుగుతారు. మెక్సికోలో డిగ్రీ పట్టా చేతికి రావాలంటే కనీసం 480 గంటల సామాజిక సేవ చేయాలన్న నియమం దశాబ్దాలుగా ఉంది. అక్కడా ఇదే చర్చ. నా సమాధానం సూటిగానే ఉంటుంది. దీన్ని సేవ అని పిలవడం మానేసి పాఠమంటే ఈ చిక్కు ఉండదు. గణితం తప్పనిసరి అని ఎవరూ బాధపడరు. ఊరికి పనికొచ్చేలా లెక్క చేయడం నేర్చుకోవడం కూడా అలాంటిదే. ఊరిని ఉద్ధరించడానికి వచ్చామన్న భావంతో వెళ్లడం కన్నా నేర్చుకోవడానికి వచ్చామని వెళ్లడం ఊరికీ హాయి.

ప్రభుత్వం చేయాల్సిన పని పిల్లల చేత ఉచితంగా చేయిస్తున్నారన్నది రెండో అభ్యంతరం. ఇందులో నిజముంది. సచివాలయం సిబ్బంది చేయాల్సిన డేటా ఎంట్రీ, ఏదో పథకానికి ఇంటింటి లబ్ధిదారుల నమోదు విద్యార్థులకు అప్పగిస్తే అది పాఠం కాదు, వెట్టి. గీత గీయడం కష్టమేమీ కాదు. విద్యార్థి నిర్ణయం తీసుకోవాల్సిన అవసరమే లేని పని ఏదైనా ఈ 180 గంటల్లో చేరకూడదు.

పోటీ పరీక్షలు, ప్లేస్‌మెంట్ల కాలంలో ఇంత సమయం ఎక్కడిదనేది తల్లిదండ్రులు పైకి అడిగినా అడగకపోయినా మనసులో ఉండే ప్రశ్న. అమెరికాలోని వుస్టర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్ 1970లో తన పాఠ్యప్రణాళికనే ప్రాజెక్టుల చుట్టూ తిరిగి రాసుకుంది. అక్కడ ప్రతి విద్యార్థీ తన బ్రాంచితో సంబంధం లేకుండా సమాజమూ సాంకేతికతా కలిసే చోట ఒక ప్రాజెక్టు చేయాలి. దాని విలువ మూడు కోర్సులతో సమానం. యాభై ఏళ్లు దాటినా ఆ పద్ధతి నడుస్తోంది, అక్కడి ఇంజనీర్లకు ఉద్యోగాలూ దొరుకుతున్నాయి. మన ఊళ్లలో ఇంటర్వ్యూలకు వెళ్లే పిల్లలను నిజంగా ఇరుకున పెట్టేది ‘నువ్వు సొంతంగా చేసిన పని ఏమిటి’ అన్న ప్రశ్న. పది తోటల్లో ఎనిమిది వారాలు ఈగలు లెక్కపెట్టి, ఒక వారం లెక్క ఎందుకు పోయిందో చెప్పగల అమ్మాయి ఆ ప్రశ్నకు తడబడదు.

నాకు అన్నిటికన్నా కష్టంగా కనిపించే అభ్యంతరం మార్కులది. ఒకరు ఈగలు లెక్కపెట్టారు, ఒకరు గోడ చారలు కొలిచారు, ఇంకొకరు మామిడి మాగబెట్టే షెడ్లలో నిషేధించిన కాల్షియం కార్బైడ్ బదులు అనుమతి ఉన్న ఇథిలీన్ వాడటానికి చిన్న వ్యాపారికి అడ్డేమిటో తెలుసుకున్నారు. ఈ ముగ్గురినీ ఒకే కొలబద్దతో ఎలా కొలుస్తారు? ఫలితాన్ని కొలిస్తే అన్యాయమే జరుగుతుంది. వాన పడని ఏడు వాగు మీద పనిచేసినవాడు నష్టపోతాడు. కొలవాల్సింది నిర్ణయాలను. ప్రశ్న ఎలా మారింది, కొలత ఎలా ఎంచుకున్నారు, తప్పు జరిగినప్పుడు ఏం చేశారు, ఊరికి ఏ రూపంలో తిరిగి చెప్పారు. ఈ నాలుగూ ఏ ప్రాజెక్టుకైనా వర్తిస్తాయి. ఎర బుట్టలో ఈగలు పడనే లేదని తేలినా, ఎందుకు పడలేదో జాగ్రత్తగా చూసినవాడికి పూర్తి మార్కులు రావాలి. వైవా బల్లకు ఒక వైపు మెంటార్‌తో పాటు ఆ ఊరి రైతో, సచివాలయం ఉద్యోగో కూర్చోవాలి. వాళ్లు మార్కులు వేయక్కర్లేదు, ప్రశ్నలు అడిగితే చాలు. ఒక మెంటార్‌కు అరవై మంది విద్యార్థులుంటే ఇదేదీ సాధ్యం కాదు. ఈ పని ఉపాధ్యాయుడి బోధన గంటల్లో లెక్కకు రావాలి, లాగ్‌బుక్ మీద సంతకాల పనిగా మిగలకూడదు. దీనికి ఖర్చవుతుంది. ఆ ఖర్చు పెట్టకుండా 180 గంటలు అడగడం న్యాయం కాదు.

ఇక క్యాలెండర్. సీఎస్‌పీ వేసవి సెలవుల్లో. మామిడికి అది కోతల కాలం. కోత, మాగబెట్టడం, పండు ఈగ, మార్కెట్ ధరలు చూడాలంటే ఆ నెలలు అనువైనవే. కానీ తోటలో ఖర్చంతా నిర్ణయమయ్యేది పూత కాలంలో, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. తేనెమంచు పురుగు, తామర పురుగులు, బూడిద తెగులు, వాటికి కొట్టే మందులు అన్నీ అప్పుడే. ఆ నెలల్లో విద్యార్థి సెమిస్టర్ మధ్యలో ఉంటాడు. మే నెలలో వెళ్లి ‘పూతకు ఎన్నిసార్లు మందు కొట్టారు’ అని అడిగితే జవాబు జ్ఞాపకం మీద ఆధారపడుతుంది. సొంత పాఠ్యప్రణాళిక రాసుకునే అధికారం ఉన్న స్వయంప్రతిపత్తి కాలేజీలకు ఇక్కడ అవకాశం ఉంది. 180 గంటలను ఎనిమిది వారాల్లో కుదించకుండా ఏడాది పొడవునా పరచవచ్చు. పూత కాలంలో శనివారాలు కొన్ని, కోత కాలంలో కొన్ని వారాలు, వానలు మొదలయ్యాక వాగు దగ్గర కొన్ని రోజులు.

అక్టోబరు 2న ఊళ్లలో గ్రామసభలు జరుగుతాయి. వేసవి నివేదికను ఆ సభలో తెలుగులో పది నిమిషాలు చదివించి, వచ్చే ఏడాదికి ఊరి ప్రశ్నలను అక్కడే రిజిస్టర్‌లో రాయించుకుంటే, నవంబరులో బోర్డ్ ఆఫ్ స్టడీస్ వాటిని శాఖలవారీగా పంచవచ్చు. డిసెంబరులో పూత కనిపించేసరికి ఏ తోటకు ఏ జట్టు వెళ్లాలో కాలేజీ దగ్గర కాగితం మీద సిద్ధంగా ఉంటుంది.